గోడ మీద ఉన్న చిన్న థర్మోస్టాట్ ఇంటి ఏసీని, హీటర్‌ని ఎలా నడిపిస్తుంది?

మీరు అడిగినవి మూడు. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం థర్మోస్టాట్‌ను 24 మీద పెడితే ఇల్లు 26 దగ్గరే ఆగిపోతోంది, 18కి దించినా మార్పు లేదు, అది పాడైందా అన్నది ఒకటి. మీ గోడలో ఉన్న నాలుగు వైర్లకి స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టుకోవచ్చా అన్నది రెండోది. అసలు అంత చిన్న డబ్బా ఇంటి బయట ఉన్న కంప్రెసర్‌ని, లోపల ఉన్న గ్యాస్ ఫర్నేస్‌ని, అంటే గ్యాస్ మండించి ఇంటికి వేడిగాలి పంపే యంత్రాన్ని, ఎలా అదుపు చేస్తుంది అన్నది మూడోది. మూడోది అర్థమైతే మిగతా రెండూ సులువుగా తేలిపోతాయి కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతాను. ఈ యంత్రాల రిపేరు పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. థర్మోస్టాట్ చెడిపోయిందని పిలిచిన ఇళ్లలో ఎక్కువ చోట్ల అది నిక్షేపంగా ఉంటుంది, తప్పు వేరే చోట ఉంటుంది.

థర్మోస్టాట్ ఒక స్విచ్, అంతే. అది వేడినీ పుట్టించదు, చల్లదనాన్నీ పుట్టించదు. గది ఎంత వేడిగా ఉందో చూస్తుంది, మీరు పెట్టిన అంకెతో పోల్చుకుంటుంది, ‘కావాలి’ అనో ‘చాలు’ అనో యంత్రానికి చెబుతుంది. ఎంత వేగంగా కావాలో చెప్పే ఏర్పాటు మామూలు థర్మోస్టాట్‌లో లేదు. ఓవర్‌హెడ్ ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ ఎలాగో ఇదీ అంతే. నీళ్లు ఏ మట్టానికి వచ్చాక మోటారు ఆగాలో ఫ్లోట్ చెబుతుంది కానీ, ఫ్లోట్‌ని పైకి జరిపినంత మాత్రాన మోటారు ఎక్కువ నీళ్లు తోడదు. మీరు 24 నుంచి 18కి దించినప్పుడు జరిగింది కూడా ఇదే. యంత్రం అప్పటికే తన పూర్తి శక్తితో నడుస్తోంది. మీరు మార్చింది అది ఎక్కడ ఆగాలి అన్న సంగతి మాత్రమే.

ఇన్వర్టర్ ఏసీల్లో ఇది కొంచెం వేరుగా ఉంటుంది. వాటిలో కంప్రెసర్ వేగం మారుతుంది. గదికీ పెట్టిన అంకెకీ తేడా ఎక్కువగా ఉంటే గట్టిగా తిరుగుతుంది, దగ్గరపడేకొద్దీ నెమ్మదిస్తుంది. కానీ గది బాగా వేడెక్కి ఉన్నప్పుడు 24 పెట్టినా అది గరిష్ఠ వేగంతోనే మొదలవుతుంది, అప్పుడు 18 పెట్టి సాధించేది ఏమీ ఉండదు.

మొదటి ఎలక్ట్రిక్ థర్మోస్టాట్ కథ ఈ విషయాన్ని బాగా చెబుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వారెన్ జాన్సన్ అనే ఉపాధ్యాయుడు 1883లో దానికి పేటెంట్ తీసుకున్నారు. తరగతి గది చల్లబడితే కింద బేస్‌మెంట్‌లో గంట మోగేది. అది విని అక్కడి మనిషి వేడి సర్దేవాడు. ఇప్పుడు ఆ గంట స్థానంలో రిలే, అంటే చిన్న కరెంటుతో నడిచే స్విచ్, ఆ మనిషి స్థానంలో కంట్రోల్ బోర్డు వచ్చాయి. పైనుంచి అడగడం, కింద పని జరగడం మాత్రం మారలేదు.

ఇక వైర్లు. మీ ఇంట్లో ఉన్నట్టు డక్టుల ద్వారా గాలి పంపే సెంట్రల్ సిస్టమ్‌లో థర్మోస్టాట్ దాకా వచ్చేది ఇంటి కరెంటు కాదు. ఫర్నేస్ లోపల ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అది మెయిన్స్ కరెంటుని 24 వోల్టులకి తగ్గిస్తుంది. ఆ 24 వోల్టులు ఆర్ అనే టెర్మినల్ మీదుగా గోడ దాకా వస్తాయి. థర్మోస్టాట్ చేసే పని ఆ ఆర్‌ని మిగతా వైర్లలో ఒకదానికి కలపడం, విడదీయడం. డబ్ల్యూకి కలిపితే వేడి కావాలని అర్థం. వైకి కలిపితే చల్లదనం కావాలని, జికి కలిపితే లోపలి ఫ్యాన్ తిరగాలని. మీ నాలుగు వైర్లు ఇవే అయి ఉంటాయి. సి అనే ఐదోది ఉంటే అది ట్రాన్స్‌ఫార్మర్ రెండో కొస, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి. దాని సంగతి తర్వాత చెబుతాను. ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. వైరు రంగుని నమ్మకండి. ఆర్‌కి ఎర్రది, డబ్ల్యూకి తెల్లది వాడటం అలవాటే కానీ, బిగించిన మనిషి చేతికి ఏది దొరికితే అది వాడిన ఇళ్లు బోలెడు. ఏ అక్షరం కింద ఏ వైరు ఉందో, ఫర్నేస్ బోర్డు దగ్గర అదే వైరు ఏ అక్షరానికి వెళ్లిందో చూసి నిర్ధారించుకోవాలి.

చల్లదనం అడిగినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. ఆర్, వైతో కలవగానే 24 వోల్టులు ఇంటి బయట యూనిట్‌లో ఉన్న కాంటాక్టర్ కాయిల్‌కి వెళతాయి. కాంటాక్టర్ అంటే బలమైన స్విచ్. చిన్న కాయిల్ అయస్కాంతంగా మారి పెద్ద కాంటాక్టులను లాగి మూస్తుంది, వాటి గుండా మెయిన్స్ కరెంటు కంప్రెసర్‌కీ బయటి ఫ్యాన్‌కీ వెళుతుంది. అదే క్షణంలో థర్మోస్టాట్ జిని కూడా కలుపుతుంది కాబట్టి లోపల బ్లోయర్, అంటే డక్టుల్లోకి గాలి తోసే ఫ్యాన్, తిరగడం మొదలవుతుంది. అంతే, ఇక చల్లబరచడం పైపుల్లో తిరిగే రిఫ్రిజరెంట్ (ఏసీ గ్యాస్) పని, గాలి పని. గది చల్లబడి పెట్టిన అంకెకి చేరగానే థర్మోస్టాట్ ఆ కలయికని విడదీస్తుంది, కాంటాక్టర్ తెరుచుకుంటుంది, కంప్రెసర్ ఆగిపోతుంది.

ఫర్నేస్ వైపు కథ ఇంతకంటే పెద్దది. జనం థర్మోస్టాట్‌ని అనవసరంగా తిట్టేది కూడా ఎక్కువగా ఇక్కడే. డబ్ల్యూ మీద 24 వోల్టులు రాగానే గ్యాస్ వెలగదు. ముందు బోర్డు అన్నీ సవ్యంగా ఉన్నాయో లేదో చూసుకుంటుంది. పొగని బయటికి తోసే చిన్న మోటారుని తిప్పుతుంది. ఆ గాలి నిజంగా కదులుతోందని ప్రెషర్ స్విచ్ మూసుకుని చెప్పాలి. అప్పుడు ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది, కొన్ని సెకన్ల తర్వాత గ్యాస్ వాల్వ్ తెరుచుకుని మంట అంటుకుంటుంది. మంట నిజంగా ఉందా లేదా అని ఫ్లేమ్ సెన్సర్ అనే సన్నని లోహపు కడ్డీ చెప్పాలి. మంట గుండా పారే కరెంటు కొన్ని మైక్రోఆంపులు మాత్రమే, దాన్ని బట్టే బోర్డుకి తెలుస్తుంది. లోపలి లోహం కాస్త వేడెక్కాక, సాధారణంగా అర నిమిషం అటూ ఇటూ గడిచాక, బ్లోయర్ తిరుగుతుంది. లేకపోతే మొదటి గాలి మొహాన చల్లగా కొడుతుంది. థర్మోస్టాట్ ‘చాలు’ అన్నాక కూడా మంట ఆరిపోయి, మిగిలిన వేడి ఇంట్లోకి వచ్చేదాకా బ్లోయర్ ఒకటి రెండు నిమిషాలు నడుస్తూనే ఉంటుంది. ఫ్యాన్ ఆగట్లేదని టెన్షన్ పడేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఈ వరుసలో ఎక్కడ ఆటంకం వచ్చినా గది వేడెక్కదు, థర్మోస్టాట్ మాత్రం అడుగుతూనే ఉంటుంది. ఫ్లేమ్ సెన్సర్ మీద సన్నని పొర పేరుకుంటే మంట అంటుకున్న కొన్ని సెకన్లకే ఆరిపోతుంది, మళ్లీ అంటుకుంటుంది, మళ్లీ ఆరుతుంది. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే లోపల లోహం అతిగా వేడెక్కి లిమిట్ స్విచ్ తెరుచుకుంటుంది, మంట ఆరి ఫ్యాన్ మాత్రం తిరుగుతుంది. ఏసీలోనైతే నీళ్లు పోయే పైపు మూసుకుని ట్రే నిండితే, ఫ్లోట్ స్విచ్ ఉన్న చోట అది కరెంటుని తెంచేస్తుంది. 24 వోల్టుల వైరు ఎక్కడైనా తగలరాని చోట తగిలితే బోర్డు మీద ఉన్న చిన్న ఫ్యూజు, 3 లేదా 5 ఆంపులది, పోతుంది. గోడ దగ్గర నిలబడి చూస్తే ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి. తెర మీద అంకె ఉంటుంది, ఇల్లు మాత్రం మారదు. అందుకే బోర్డు మీద మినుకుమినుకుమనే చిన్న లైటుని చూడమని అందరికీ చెబుతాను. అది ఎన్నిసార్లు వెలిగి ఆగుతోందో లెక్కపెట్టి, ఫర్నేస్ తలుపు లోపల అంటించిన పట్టికతో పోల్చి చూస్తే తప్పు ఎటువైపు ఉందో సగం తెలిసిపోతుంది.

థర్మోస్టాట్‌దే తప్పా, యంత్రానిదా అని తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. మెయిన్ స్విచ్ ఆపండి. థర్మోస్టాట్ ముఖాన్ని గోడ ప్లేటు మీంచి తీసి, ఆర్‌నీ డబ్ల్యూనీ చిన్న వైరుముక్కతో కలపండి. కరెంటు ఇవ్వండి. ఫర్నేస్ మామూలుగా వెలిగి నడిస్తే యంత్రం, వైర్లు బాగున్నట్టే, అనుమానం థర్మోస్టాట్ మీదకి వెళుతుంది. వెలగకపోతే థర్మోస్టాట్‌ని మార్చి ప్రయోజనం లేదు. చూడటం అయిపోయాక మళ్లీ కరెంటు ఆపి ఆ ముక్క తీసేయండి, అది ఉన్నంతసేపూ ఫర్నేస్ ఆగదు. ఏసీకి ఆర్, వై, జి మూడింటినీ కలపాలి. కానీ ఏసీ మీద ఈ పరీక్షని వెంటవెంటనే చేయకండి. కారణం ఇప్పుడు చెబుతాను.

కంప్రెసర్ నడుస్తున్నప్పుడు ఒకవైపు రిఫ్రిజరెంట్ పీడనం చాలా ఎక్కువ, మరోవైపు తక్కువ. ఆగిన వెంటనే మళ్లీ స్టార్ట్ చేస్తే మోటారు ఆ ఎక్కువ పీడనానికి ఎదురు తిరగాలి. చాలాసార్లు తిరగలేదు, మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగి వేడెక్కుతుంది. రెండు వైపులా పీడనం సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి, డిజిటల్ థర్మోస్టాట్లు చాలావరకు కంప్రెసర్ ఆగాక 5 నిమిషాల దాకా మళ్లీ వైని కలపవు. మీరు అంకె దించినా వినవు. దాన్ని చూసి పాడైందనుకుని పదే పదే నొక్కేవాళ్లున్నారు. ఆర్, వైని చేత్తో కలిపితే ఈ రక్షణ పోతుంది. ఇంట్లో అన్నిటికంటే ఖరీదైన భాగం కంప్రెసరే, దాని విషయంలో తొందర వద్దు.

పెట్టిన అంకె దగ్గరే ఆన్, ఆఫ్ రెండూ జరిగితే యంత్రం నిమిషానికోసారి ఆగి మొదలవుతుంది. అందుకే కొంచెం ఎడం వదులుతారు. 24 పెడితే, ఉదాహరణకి, 24.5కి మొదలై 23.5కి ఆగేలా. ఎడం మరీ తక్కువైతే యంత్రం అరిగిపోతుంది, మరీ ఎక్కువైతే ఇంట్లో మనుషులకి తెలిసిపోతుంది. కొన్ని థర్మోస్టాట్లు ఎడాన్ని డిగ్రీల్లో కాకుండా గంటకి ఎన్నిసార్లు ఆన్ కావచ్చు అన్న లెక్కలో అడుగుతాయి. ఏసీకి, హీట్ పంపుకి (దాని గురించి తర్వాత చెబుతాను) 3, మామూలు గ్యాస్ ఫర్నేస్‌కి 5 అటూ ఇటూ పెడతారు. బిగించిన రోజు ఈ సెట్టింగ్ ఎవరూ చూడకపోవడం వల్ల ఎన్నో ఇళ్లలో ఉష్ణోగ్రత ఊగిసలాడుతూ ఉంటుంది. థర్మోస్టాట్ మార్చాల్సిన పనే లేదు, మెనూలోకి వెళ్లి ఒక అంకె మారిస్తే చాలు.

పాతకాలపు థర్మోస్టాట్లు ఈ పనిని ఎలక్ట్రానిక్స్ లేకుండా ఎంత అందంగా చేసేవో చెప్పకుండా ఉండలేను. వేడికి వేర్వేరుగా వ్యాకోచించే రెండు లోహపు పట్టీలను అతికించి చుట్టగా చుట్టేవారు. గది వేడెక్కితే చుట్ట ఒకవైపు, చల్లబడితే రెండో వైపు తిరుగుతుంది. దాని కొసన గాజు గొట్టంలో పాదరసం బిందువు. గొట్టం వంగితే పాదరసం ఒరిగి రెండు తీగల్ని కలుపుతుంది. 1953లో హనీవెల్ తెచ్చిన గుండ్రటి మోడల్‌ని చాలామంది చూసే ఉంటారు. వాటిలో ఇంకో చిన్న భాగం ఉండేది, ఆంటిసిపేటర్ అంటారు. ఫర్నేస్ నడిచినంతసేపూ ఆ సన్నని తీగ కాస్త వేడెక్కి, లోహపు చుట్టని ముందే నమ్మించేది. గది ఇంకా అంకెకి చేరకముందే థర్మోస్టాట్ ఆపేస్తుంది, ఫర్నేస్‌లో మిగిలిన వేడితో గది సరిగ్గా అక్కడికి చేరుతుంది. ఆ ఆలోచననే ఇప్పటి చిప్పులు లెక్కల్లో చేస్తున్నాయి. గుర్తుంచుకోండి, అలాంటి పాతది మీ ఇంట్లో ఉంటే చెత్తబుట్టలో వేయకూడదు. పాదరసం విషం, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి.

ఇప్పటివాటిలో వేడిని కొలిచేది థర్మిస్టర్ అనే గింజంత భాగం. వేడి పెరిగితే దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, చిప్ దాన్ని బట్టి లెక్క కడుతుంది. కొలత చాలా కచ్చితంగా ఉంటుంది, కానీ అది కొలిచేది తన చుట్టూ ఉన్న గాలిని, గోడని మాత్రమే. ఎండ పడే గోడ మీద ఉన్నా, టీవీ పైన ఉన్నా, ఏసీ గాలి నేరుగా తగిలే చోట ఉన్నా అది తనకి తెలిసిన నిజమే చెబుతుంది, మీకు మాత్రం పనికిరాదు. లోపలి గోడ మీద, నేల నుంచి మీటరున్నర ఎత్తులో, జనం ఎక్కువగా ఉండే గదిలో ఉండాలి. ఎవరూ పట్టించుకోని ఇంకో సంగతి, వైర్లు వచ్చే రంధ్రం. గోడ లోపలి గాలి ఆ రంధ్రం గుండా వచ్చి సెన్సర్‌కి తగులుతూ ఉంటుంది. కాస్త పుట్టీ పెట్టి మూస్తే రెండు డిగ్రీల తప్పు మాయమైన ఇళ్లు చూశాను.

ఇప్పుడు మీ 26 సంగతి. మీరు చెప్పినదాన్ని బట్టి థర్మోస్టాట్ అడుగుతోంది, యంత్రం నడుస్తోంది. అంటే థర్మోస్టాట్ తన పని చేసేసింది. ఫిల్టర్ ఎప్పుడు మార్చారో చూడండి. తర్వాత గాలి లోపలికి వెళ్లే జాలీ దగ్గర ఒకసారి, చల్లగాలి వచ్చే జాలీ దగ్గర ఒకసారి థర్మామీటర్ పెట్టండి. ఏసీ పావుగంట నడిచాక రెండింటి మధ్య తేడా 8 నుంచి 11 డిగ్రీల సెల్సియస్ ఉంటే యంత్రం దాదాపు సరిగ్గానే చల్లబరుస్తోందని అనుకోవచ్చు. అలా ఉండి కూడా 24కి రాకపోతే, ఆ మధ్యాహ్నం ఇంట్లోకి వచ్చే వేడి యంత్రం తీసేయగల వేడికి సమానమైందని అర్థం. ఏసీ పరిమాణాన్ని ఆ ప్రాంతంలో అత్యంత వేడి గంటలకి కాకుండా దానికి కాస్త దిగువన లెక్కించి పెడతారు. అది తప్పు కాదు, మంచి పద్ధతి. అవసరానికి మించి పెద్దది పెడితే గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో తేమ తీసేంతసేపు నడవదు, ఒళ్లు జిగటగా ఉంటుంది. కాబట్టి కిటికీలకి ఎండ తగలకుండా చూడండి, అటక మీద డక్టుల జాయింట్లు ఊడాయేమో చూపించండి. తేడా 8 కంటే బాగా తక్కువగా ఉంటేనో, రాగి పైపు మీద మంచు కడుతుంటేనో ఏసీ ఆపి మెకానిక్‌ని పిలవండి. మంచు ఉన్నప్పుడు నడిపితే కంప్రెసర్‌లోకి ద్రవం వెళ్లే ప్రమాదం ఉంది.

ఫ్యాన్ స్విచ్ గురించి ఒక మాట. దాన్ని ఆన్‌లో కాకుండా ఆటోలో ఉంచండి. ఆన్‌లో ఉంటే కంప్రెసర్ ఆగిన తర్వాత కూడా గాలి లోపల చల్లబరిచే తడి పైపుల చుట్ట (కాయిల్) మీదుగా పోయి, తీసిన తేమని మళ్లీ ఇంట్లోకి తెస్తుంది.

ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు అంకె మార్చాలా, అలాగే ఉంచాలా అని అందరూ అడుగుతారు. మార్చండి. ఇంటి గోడల గుండా వచ్చే పోయే వేడి లోపలికీ బయటికీ ఉన్న తేడాని బట్టి ఉంటుంది. తేడా తగ్గిన ప్రతి గంటా ఆదాయే, తిరిగి చల్లబరచడానికి అయ్యే ఖర్చు దాన్ని మించదు. రోజుకి 8 గంటల పాటు 4 నుంచి 5.5 డిగ్రీల సెల్సియస్ సడలిస్తే వేడికీ చల్లదనానికీ అయ్యే ఖర్చులో ఏడాదికి 10 శాతం దాకా మిగలవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. అయితే హీట్ పంపు ఉన్నవాళ్లు చలికాలంలో జాగ్రత్తగా ఉండాలి. హీట్ పంపు అంటే రెండు వైపులా నడిచే ఏసీ. రివర్సింగ్ వాల్వ్ రిఫ్రిజరెంట్ దారిని మారిస్తే బయటి వేడి ఇంట్లోకి వస్తుంది, ఆ వాల్వ్‌ని నడిపేది ఓ లేదా బి అనే వైరు. పొద్దున్న ఒకేసారి 5 డిగ్రీలు పెంచితే థర్మోస్టాట్ ఓపిక పట్టలేక కరెంటు హీటర్లని కూడా పిలుస్తుంది, రాత్రంతా మిగిలింది ఆ గంటలో పోతుంది. అక్కడ ఒకటి రెండు డిగ్రీల మార్పు చాలు.

స్మార్ట్ థర్మోస్టాట్‌కి స్క్రీను, వైఫై ఉంటాయి కాబట్టి నిరంతరం కరెంటు కావాలి. ఆర్ నుంచి వచ్చిన కరెంటు తిరిగి వెళ్లడానికి సి వైరు కావాలి. అది లేనప్పుడు కొన్ని మోడళ్లు వై లేదా డబ్ల్యూ వైరు గుండా, కాంటాక్టర్‌ని లాగలేనంత కొద్దిపాటి కరెంటుని దొంగతనంగా తీసుకుని బతుకుతాయి. కొన్ని ఇళ్లలో బాగానే నడుస్తుంది. కొన్నిట్లో బోర్డు ఆ చిన్న కరెంటునే పిలుపు అనుకుంటుంది, రిలే టకటకలాడుతుంది, లేదా బ్యాటరీ దిగిపోయి థర్మోస్టాట్ చలిరాత్రి ఆరిపోతుంది. నేనైతే సి లేకుండా పెట్టమని చెప్పను. ముందు గోడలోంచి కేబుల్‌ని మెల్లగా కాస్త బయటికి లాగి చూడండి. వాడకుండా చుట్టి వదిలేసిన ఐదో వైరు చాలాసార్లు దొరుకుతుంది. దాన్ని రెండు చివరలా సికి కలిపితే సరిపోతుంది. లేకపోతే థర్మోస్టాట్ కంపెనీ ఇచ్చే అడాప్టర్ కిట్‌ని ఫర్నేస్ దగ్గర బిగించాలి, లేదా పక్క ప్లగ్గులో పెట్టే 24 వోల్టుల అడాప్టర్ వాడాలి. జి వైరుని సిగా మార్చి, ఫర్నేస్ దగ్గర వైని జితో కలిపే పద్ధతి కూడా ఉంది. ఏసీ నడిచినప్పుడు ఫ్యాన్ తిరుగుతుంది, కానీ ఫ్యాన్‌ని విడిగా నడపడం ఇక కుదరదు.

కొనేముందు పాతదాని ముఖం తీసి చూడండి. సన్నని వైర్లకి బదులు లావుపాటి వైర్లు రెండో నాలుగో, వైర్‌నట్లతో (వైర్ల కొసల్ని కలిపి బిగించే చిన్న టోపీలతో) బిగించి కనిపిస్తే అక్కడ ఉన్నది 24 వోల్టులు కాకపోవచ్చు. గోడ అడుగున, నేల దగ్గర బిగించే ఎలక్ట్రిక్ హీటర్లకి మెయిన్స్ కరెంటే నేరుగా థర్మోస్టాట్ గుండా పోతుంది. దానికి మామూలు స్మార్ట్ థర్మోస్టాట్ తగిలిస్తే కాలిపోతుంది, మనిషికి షాక్ కొడుతుంది. కొన్ని గ్యాస్ గోడ హీటర్లలో దీనికి పూర్తిగా భిన్నంగా వోల్టులో నాలుగింట మూడు వంతులు మాత్రమే ఉంటుంది, మంట వేడి నుంచే అది పుడుతుంది, దానికీ ఇవి పనికిరావు. మీరు చెప్పిన నాలుగు సన్నని వైర్లని బట్టి మీది మామూలు 24 వోల్టులదే అనిపిస్తోంది. మార్చే రోజు ఫర్నేస్ స్విచ్, బయటి యూనిట్ బ్రేకర్ రెండూ ఆపండి, పాత టెర్మినళ్లని ఫోన్‌లో ఫోటో తీసుకోండి, ఒక్కో వైరుకీ అక్షరం రాసిన చీటీ అంటించి తర్వాతే విప్పండి. ఆర్‌సి (చల్లదనానికి), ఆర్‌హెచ్ (వేడికి) అని ఆర్ స్థానంలో రెండు టెర్మినళ్లు ఉండి వాటి మధ్య చిన్న తీగముక్క కనిపిస్తే, అది కూడా ఫోటోలో పడేలా చూడండి. మీ కొత్తదానిలో ఆ కలయిక లోపలే ఉందో, మీరే పెట్టాలో దాని కాగితంలో రాసి ఉంటుంది.